వ్యాగన్లు చూసి కొన్న షేర్లు

మా ఆయన పోయి ఏడాది తిరక్కుండానే నేను ఒక బియ్యం మిల్లు కంపెనీలో షేర్లు కొన్నాను. ఆ రోజుల్లో ఆడవాళ్ళకు షేర్లేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. మొగుడు పోతే ఆడదాని చేతికి డబ్బు వచ్చేది. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి మగవాళ్ళు వచ్చేవారు. నా విషయంలో వచ్చినవాళ్ళు నా సొంత మనుషులే.

మా ఆయన రాయపూర్ యార్డులో వ్యాగన్లను కలిపి విడదీసే షంటింగ్ పని చేసేవాడు. చలికాలంలో ఒక రోజు, మంచు ఇంకా విడవని పొద్దున, రెండు వ్యాగన్ల మధ్య ఉండిపోయాడు. ఈ సంగతి ఇంతకంటే వివరంగా నేనెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. ఆ రోజు మా క్వార్టరుకు వచ్చిన వాళ్ళందరికీ నేను టీ కాచి ఇచ్చాను. మనుషులు వస్తున్నారు, కూర్చుంటున్నారు, అందుకని కాచాను. చివరికి పక్క క్వార్టరావిడ నా చేతిలోంచి గిన్నె లాక్కుంది. శవం ఇంట్లో పెట్టుకుని టీ కాచిన ఆడదని కాలనీలో చెప్పుకున్నారట. చెప్పుకోనీ. నాకు ఏడుపు రాలేదు, సిగ్గూ వెయ్యలేదు. చెయ్యి కాలితే అప్పుడు తెలిసేది కాదు, మర్నాడు బొబ్బ చూసుకున్నాక కాలిందని తెలిసేది. చాలాకాలం అలాగే ఉన్నాను.

కర్మలు అయ్యాక మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, విజయనగరం నుంచి మళ్ళీ వచ్చారు. నన్ను తీసుకుపోతానన్నారు. అది నీ ఇల్లే కదమ్మా, ఒక్కర్తివీ ఈ హిందీ ఊళ్ళో ఏం చేస్తావన్నారు. ఆయన చెడ్డవాడు కాడు. వాళ్ళావిడకు ఎప్పుడూ ఒంట్లో బాగుండదు, వంటింట్లో మనిషి కావాలి, ఆ మాట కూడా దాచకుండా చెప్పారు. కానీ ఆ ఇంటి వెనక గదిలో ఆయన మేనత్త ఒకావిడ ఉండేది. చిన్నప్పుడే భర్త పోయి, అక్కడే ముసలిదైపోయింది. కాపరానికి వెళ్ళిన కొత్తలో ఆవిణ్ణి నేను చూశాను. మోకాళ్ళకు రాసుకోవడానికి ఆముదం చుక్క కావాలన్నా వంటింటి గుమ్మంలో నిలబడి అడిగేది. ఇస్తే పుచ్చుకునేది, మర్చిపోతే నిలబడే ఉండేది. ఆవిడ పోయింది కాబట్టి అప్పటికి ఆ గది ఖాళీగా ఉంది. బావగారు మాట్లాడుతున్నంతసేపూ నాకు ఆ గదే కనిపించింది. నాకు ఇంకేదీ అనిపించకపోయినా, అక్కడికి వెళ్ళకూడదన్నది ఒక్కటే గట్టిగా అనిపించింది.

వెళ్ళకుండా ఉండాలంటే రాయపూర్‌లో బతకాలి. క్వార్టరు ఖాళీ చెయ్యమని రైల్వే వాళ్ళు కాగితం పంపారు. స్టేషనుకు అవతల గుఢియారీలో అద్దెకు ఒక గది చూసుకున్నాను. రైల్వే ఇచ్చిన డబ్బును పోస్టాఫీసులో వేస్తే వచ్చే వడ్డీ గది అద్దెకు సరిపోతుంది, అన్నానికి సరిపోదు. అసలు తీసి తింటూ పోతే కొన్నేళ్ళకు అదీ అయిపోతుంది. నా బతుకు అద్దెకూ అన్నానికీ మధ్యనున్న ఆ సందులో ఇరుక్కుంది. ఆ సందు ఎలా పూడ్చాలన్న విషయం మా అన్నయ్య వాళ్ళ వరండాలో ఆదివారం మీటింగుకు వచ్చింది.

మా అన్నయ్య రాయపూర్ గూడ్సు షెడ్డులో గుమాస్తా. ఆదివారం పొద్దున వాళ్ళ క్వార్టరు వరండాలో ముగ్గురు చేరేవారు. అన్నయ్య, టెలిగ్రాములిచ్చే తారాఫీసులో పనిచేసే ఒకాయన, రిటైరైన గార్డు ఒకాయన. ఆ గార్డుగారిని మేమందరం బాబాయి అని పిలిచేవాళ్ళం. వాళ్ళు పేకాడరు, భజన చెయ్యరు. షేర్ల గురించి మాట్లాడుకుంటారు. బొంబాయి, కలకత్తా కంపెనీలంటే వాళ్ళకు లెక్కలేదు. అవి ఎదిగిపోయిన కంపెనీలు, ఇంకేం పెరుగుతాయి అనేవారు. ఇప్పుడిప్పుడే కాళ్ళు వస్తున్న చిన్న కంపెనీ ఒకటి చూసి పట్టుకోవాలి. ఏటా డివిడెండు చేతికొస్తుంది, ఇటు షేరు ధరా పెరుగుతుంది. మా వదిన టీ గ్లాసులు అక్కడ పెడుతూ, ఈ వరండాలో ఇప్పటికి ఎన్ని మిల్లులు కట్టారో అని మూతి తిప్పుకునేది. నా డబ్బు రాకముందు ఆ మాటలు ఉత్త మాటలే. నా డబ్బు వచ్చాక ముగ్గురి గొంతులూ కాస్త తగ్గాయి, బరువొచ్చింది.

మూడు కంపెనీలను పక్కపక్కన పెట్టి తూచారు. ఒకటి బస్సుల కంపెనీ. జగదల్‌పూర్ వైపు బస్సులు నడుపుతుంది. వానాకాలం వాగులు పొంగితే బస్సు ఒడ్డునే ఉంటుంది, డ్రైవరు జీతం మాత్రం ఆగదని తారాఫీసాయన దాన్ని కొట్టేశాడు. రెండోది ఐసు ఫ్యాక్టరీ. ఎండాకాలంలో మహారాజు, చలికాలంలో బిచ్చగాడని బాబాయి నవ్వి తీసేశాడు. మూడోది అభన్‌పూర్ పోయే దారిలో ఉన్న బియ్యం మిల్లు. నలుగురైదుగురు వ్యాపారులు కలిసి లిమిటెడ్ కంపెనీ చేశారు. షేర్లు బయటివాళ్ళకు కూడా అమ్ముతున్నారు. మా అన్నయ్య మిగతావాళ్ళ మాటలు అయిపోయేదాకా ఆగాడు. తర్వాత ఆ మిల్లు గురించి తనకు తెలిసినది ఎవరికీ తెలియదన్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినా వ్యాగన్లకు కరువు తీరలేదు. సరుకున్న వాళ్ళందరికీ వ్యాగన్లు దొరికేవి కావు. వ్యాపారి గూడ్సు ఆఫీసులో దరఖాస్తు పెట్టుకుని వంతు కోసం కాచుకోవాలి. తిండిగింజలకు, అందులోనూ మిల్లులకు, ముందు వంతు. మామూలు వ్యాపారి గోనెలు షెడ్డు బయట వానకు తడుస్తూ ఉండేవి. అలాంటి రోజుల్లో ఎవరి పేరు మీద ఎన్ని వ్యాగన్లు లోడవుతున్నాయో మా అన్నయ్యకు రోజూ తెలుసు. ఈ మిల్లు పేరు మీద పోయినేటికంటే ఈ ఏడు చాలా ఎక్కువ వ్యాగన్లు పోతున్నాయన్నాడు. ఏ నెలకా నెల పెరుగుతున్నాయన్నాడు. కంపెనీ వాళ్ళు అచ్చేసి ఇచ్చిన జమాఖర్చుల కాగితం చేత్తో పక్కకు తోసేశాడు.

"ఇందులో ఏటైనా రాసుకోవచ్చు. వ్యాగను అబద్ధమాడదు," అన్నాడు.

ఆ మాటకు తిరుగు లేకపోయింది. రైల్వే వాళ్ళ మధ్య దానికి తిరుగు ఉండదు. మాకు ఊరు బాగుందా లేదా అన్నది కూడా పోయే గూడ్సు బండి పొడవును బట్టే తెలిసేది. పంటలు బాగా పండాయని ఎవరైనా అంటే బాబాయి, అయితే బండి వెనక ఇంకో ఇంజను కట్టారా అని అడిగేవాడు. షేర్ల గురించి కాగితాల్లో ఎవరో రాసింది చదవడం ఒకటి, సరుకు నిండిన పెట్టె కళ్ళ ముందు సీలు వేసుకుని పోవడం ఒకటి. ఇదంతా వింటూ నేను గుమ్మంలో కూర్చుని కంది బేడలు ఏరుతున్నాను. వ్యాగన్ల మధ్య పోయిన మనిషి డబ్బును వ్యాగన్లనే నమ్మి పెడుతున్నామని నాకు అప్పుడు తట్టనే లేదు. తట్టినా ఏమీ అనేదాన్ని కాదేమో.

కొనేముందు కళ్ళారా చూసిరావాలని ఒక ఆదివారం టాంగా కట్టించుకుని అందరం మిల్లుకు వెళ్ళాం. పెద్ద గేటు, రేకుల షెడ్డు, ధాన్యం ఆరబెట్టే గచ్చు, వెనక ఎత్తైన పొగగొట్టం. పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు. మేమందరం తలెత్తి చూశాం కూడా. ఆదివారం కదా, సెలవని మేనేజరు అన్నాడు. పైగా ఆవిరి యంత్రం తీసేసి కరెంటు మోటారు పెట్టబోతున్నాం అన్నాడు. ఎదిగే కంపెనీ అంటే ఇలా ఉండాలని తారాఫీసాయన అన్నాడు. వచ్చేటప్పుడు మేనేజరు మాకు చిన్న సంచిలో దుబరాజ్ బియ్యం ఇచ్చాడు. ఆ రాత్రి మా వదిన ఆ బియ్యం వండితే ఇల్లంతా వాసన. బాబాయి రెండోసారి వడ్డించుకుని, ఇంక జమాఖర్చులు చూడక్కర్లేదన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే గుర్తు.

చివరికి నన్ను అడిగారు. అడిగారనే చెప్పాలి, అబద్ధం చెప్పకూడదు. ఇది నీ డబ్బు చెల్లీ, నీ ఇష్టం అని అన్నయ్య అన్నాడు. ధైర్యంగా పెడదాం, మేమందరం లేమా అని బాబాయి అన్నాడు. డివిడెండు వస్తే అన్నం సంగతి గడుస్తుందా అని నేను అడిగాను. గడుస్తుంది, ఇంకా మిగులుతుంది అన్నారు. అయితే సరే అన్నాను. మా ఆయన పోయాక మూడేళ్ళలో నా అంతట నేను అడిగిన ప్రశ్న బహుశా అదొక్కటే. కంపెనీ గుమాస్తా కాగితాలు తెస్తే తెలుగులో సంతకం పెట్టాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది సంతకమా ముగ్గా అన్నట్టు మొహం పెట్టి, పక్కన వేలిముద్ర కూడా వేయించుకున్నాడు. ఎలిమెంటరీ స్కూలు దాకా చదువుకున్నదాన్ని, నిశానీదాన్నయ్యాను. అదీ నాకు కోపం తెప్పించలేదు.

ఆ కంపెనీ వాళ్ళ లెక్కలు దీపావళికి ముగిసేవి. మొదటి దీపావళి తర్వాత డివిడెండు వచ్చింది. చెప్పినట్టే వచ్చింది. గుఢియారీ గదిలో కుదురుకున్నాను. ఇంటావిడ ఛత్తీస్‌గఢీ ముసలావిడ, నన్ను నోనీ అని పిలిచేది. వాళ్ళ భాషలో చంటి ఆడపిల్లను అలా పిలుస్తారు. గదిలో పొయ్యి, మంచం, ఒక కిటికీ. కిటికీలోంచి యార్డు కనిపించదు, అందుకే ఆ గది తీసుకున్నాను. విజయనగరం నుంచి వచ్చే గార్డుల చేత కాఫీ గింజలు తెప్పించుకునేదాన్ని. సాయంత్రం నాలుగింటికి ఒకసారి కలుపుకుని, ఇంకా తాగాలనిపిస్తే మళ్ళీ కలుపుకునేదాన్ని. ఎవరి గుమ్మంలోనూ నిలబడి అడగక్కర్లేదు. ఆ రెండో గ్లాసు కాఫీ గురించి ఎవరికైనా చెబితే చిన్న విషయమని తీసిపారేస్తారు. దానివల్ల నాకు సంతోషం కలిగిందని కూడా అనను. రాత్రి నిద్ర పట్టేది, అంతే.

రెండో ఏడు డివిడెండు పెరిగింది. షేరు ధర కూడా పెరిగిందని, ఎవరో కొంటామంటున్నారని అన్నయ్య చెప్పాడు. అమ్మేయడమా వద్దా అని వరండాలో మళ్ళీ తూచారు. ఇంకా పెరిగే మొక్కను ఎవడైనా పీకుతాడా అని బాబాయి అన్నాడు. అమ్మలేదు. మా బావగారి దగ్గర్నుంచి రమ్మని మళ్ళీ ఉత్తరం వస్తే, నేను ఇక్కడ బాగానే ఉన్నాను, రానక్కర్లేదని నా చేత్తో రాశాను. అన్నయ్య ఆ ఉత్తరం పోస్టు చేయడానికి తనే తీసుకుపోయాడు. మా చెల్లెలు డివిడెండు మీద బతుకుతోందని షెడ్డులో హమాలీలకు కూడా చెప్పేవాడట. వ్యాగన్లకు కరువు ఎంత పెరిగితే మా కంపెనీ అంత బాగుపడింది. మిగతా మిల్లులన్నీ సరుకు కదలక ఏడుస్తుంటే ఇదొక్కటీ ఎలా పెరుగుతోందని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

తర్వాత కరువు తీరడం మొదలైంది. కొత్త వ్యాగన్లు వచ్చాయి. దరఖాస్తు పెట్టిన వాళ్ళందరికీ కాస్త ఆలస్యంగానైనా దొరకసాగాయి. రైల్వే వాళ్ళందరూ సంతోషించారు. ఆ ఏడు గూడ్సు షెడ్డులో మా మిల్లు పేరు తగ్గుతూ వచ్చి, ఒక నెలలో అసలు కనిపించడమే మానేసింది. దీపావళి వెళ్ళింది, డివిడెండు రాలేదు. లెక్కలు తేలడం ఆలస్యమై ఉంటుందని అన్నయ్య అన్నాడు. షేర్లు కొనగా పోస్టాఫీసులో మిగిలిన కాస్త డబ్బూ తీసి నేను బియ్యం తెచ్చుకున్నాను. కాఫీ ఒక్కసారికి తగ్గించాను. చలికాలం వెళ్ళేదాకా అలాగే ఎదురుచూశాం.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అన్నయ్య మా గదికి వచ్చాడు. డ్యూటీ రోజు, ఆ వేళప్పుడు రాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అన్నం తిన్నావా అంటే లేదన్నాడు. చారు, బంగాళాదుంప వేపుడు ఉంటే ఆకు వేసి వడ్డించాను. కలుపుకుంటూ చెప్పాడు. పొద్దున సైకిలు మీద మిల్లుకు వెళ్ళాడట. గేటుకు తాళం. గచ్చు పగుళ్ళలో గడ్డి మొలిచింది. లోపల యంత్రం బెల్టులు కూడా లేవు, ఎప్పుడో అమ్మేసుకున్నారు. మేనేజరు ఊళ్ళో లేడు.

ఆ మిల్లు మేము షేర్లు కొనేనాటికే సరిగ్గా ఆడటం లేదట. దానికున్నదల్లా మిల్లు అనే పేరు, ఆ పేరు వల్ల వ్యాగన్లలో వచ్చే ముందు వంతు. ఆ వంతును బయటి వ్యాపారులకు రేటు కట్టి అమ్ముకునేది. సరుకు వాళ్ళది, గోనెలు వాళ్ళవి, పేరు మాత్రం మిల్లుది. మా అన్నయ్య చూసి లెక్కపెట్టిన వ్యాగన్లన్నీ అవే. మాకు వచ్చిన డివిడెండూ ఆ డబ్బులోదే. వ్యాగన్లు అందరికీ దొరికాక వంతు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇదంతా అన్నయ్యకు ఎవరు చెప్పారంటే, బజార్లో పప్పులమ్మే వ్యాపారి చెప్పాడు. గంజ్‌లో, అంటే ధాన్యం బజార్లో, అందరికీ తెలుసట. మొదటి రోజు అడిగినా చెప్పేవాడినని అన్నాడట. మేము బజార్లో ఎవరినీ అడగలేదు. కంపెనీ కాగితం వాళ్ళు రాసుకున్నదని పక్కన పెట్టాం, మా రైల్వే వాళ్ళ లెక్క కదా అని వ్యాగన్లను నమ్మాం.

"పోనాది చెల్లీ. మొత్తం పోనాది," అన్నాడు అన్నయ్య.

అన్నం కలిపిన చెయ్యి ఆకులోనే ఉంది. నేను అప్పుడు నా గురించి ఆలోచించలేదు. నిజంగా ఆలోచించలేదు. అలవాటు ప్రకారం నాలో ఏమీ కదల్లేదు. అన్నయ్య మొహం చూస్తే జాలేసింది. ముగ్గురు ఆడపిల్లల తండ్రి, జీతం రాళ్ళు తప్ప ఇంకో ఆధారం లేదు. మా వదినతో ఏం చెబుతాడో, ఆవిడ ఎంత సాధిస్తుందో అనుకున్నాను. నాతోపాటు వీళ్ళందరూ మునిగారు కదా, ఎవరిని ఎవరు ఓదార్చాలి అనుకున్నాను. బాబాయి పింఛను డబ్బు కూడా అందులోనే పెట్టి ఉంటాడని అనుకున్నాను. మరి కాస్త చారు పోసి, నీవి ఎన్ని షేర్లు అన్నయ్యా, ఎంత పోయింది అని అడిగాను.

అతను చారు కలుపుకుంటున్నాడు. వినలేదేమోనని మళ్ళీ అడిగాను.

"నేను కొనలేదే," అన్నాడు.

"ఒక్కటీనా?"

"ఒక్కటీ లేదు. బాబాయీ కొనలేదు, తారాఫీసాయనా కొనలేదు. పిల్లలు గలవాళ్ళం కదే. ధైర్యం చాల్లేదు."

కావాలని మోసం చేసిన మనిషి అలా చెప్పడు. దాచుకోవలసిన మాట అని కూడా అతనికి తోచలేదు. వర్షం వచ్చింది కాబట్టి గొడుగు తెచ్చుకున్నానన్నంత మామూలుగా చెప్పాడు. పిల్లలున్న వాళ్ళ డబ్బు పోస్టాఫీసులో ఉండాలి. పిల్లలు లేని దాని డబ్బుతో పెరుగుతుందో లేదో చూడొచ్చు. ఆ వరండాలో అన్ని ఆదివారాలు అన్ని కంపెనీలను తూచారు కదా, నన్ను కూడా తూచారు. బేడలు ఏరుకుంటూ నేను ఆ పక్కనే కూర్చుని ఉన్నాను.

అన్నం తిను అన్నయ్యా, చల్లారిపోతుంది అన్నాను. తిన్నాడు. మజ్జిగ పోస్తే అదీ తాగాడు. చెయ్యి కడుక్కుని, మా ఇంటికొచ్చి ఉండు, నలుగురితోపాటు నువ్వూ అన్నాడు. రానన్నాను. బావగారికి రాయమంటావా అన్నాడు. వద్దన్నాను. అతను సైకిలెక్కి వెళ్ళిపోయాక ఆకు తీసి బయట పడేసి, గది తుడిచి, తలుపు దగ్గర కూర్చున్నాను. అప్పుడు లేచి, తుడిచిన గదినే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాను. ఎందుకో మొదట అర్థం కాలేదు. చాలాసేపటికి అది కోపమని తెలిసింది. మా ఆయన పోయినప్పటి నుంచి నా గురించి నాకు మనసులో ఏదైనా కలగడం అదే మొదలు. మనిషి పోయినందుకు రానిది, మా అన్నయ్య ఒక్క మాటకు వచ్చింది.

నేను విజయనగరం వెళ్ళలేదు. స్టేషను దగ్గర ఒంటరిగా ఉండే తెలుగు గార్డులకూ ఫైర్‌మన్లకూ కారేజీలు కట్టాను. తెల్లారకముందే లేవడం, పొయ్యి దగ్గర మాడిపోవడం. ఎవరింటి వంటింట్లోనో నిలబడి ఏ వంట చెయ్యకూడదనుకున్నానో ఆ వంటే నా గదిలో నేనే చేశాను, కానీ అది నా గది. అన్నయ్య కూతుళ్ళ పెళ్ళిళ్ళకు ముందు రోజే వెళ్ళి పనులందుకున్నాను. అన్నయ్య మీద నాకు కోపం లేదని అడిగిన వాళ్ళందరికీ చెప్పాను. ఆయనా అదే నమ్మి పోయాడు. అది అబద్ధం. కోపం ఉంది. ఇవాళ ఇది రాస్తుంటే కూడా ఉంది. నాకు పిల్లలు లేరు, నిజమే. కానీ పూటపూటకూ ఆకలేసే మనిషి ఒకర్తి ఆ గదిలో ఉంది కదా, ఆ మనిషిని వాళ్ళ ముగ్గురిలో ఒక్కరూ లెక్కలోకి తీసుకోలేదు.